తొమ్మిదో గడప

లావ్రిన్ షూల్గా బాడిసెతో దేవదారు మానును చెక్కుతున్నాడు. రెండు దెబ్బలు వేయడం, ఆగి బొటనవేలితో తడమడం, మళ్ళీ రెండు దెబ్బలు. మాను ఒక కొస పిడికిట్లో ఇమిడేంత సన్నబడింది. రెండో కొస తలుపు రెక్కలా వెడల్పుగా ఉంది. మధ్యలో ఎక్కడా అతుకు లేదు. అతుకు పెట్టిన తెడ్డు మా ద్నిప్రో నదిలో రెండో గడప దగ్గరే విరిగిపోతుంది.

అది తెప్ప వెనక కొసన కట్టే పెద్ద తెడ్డు. దాన్ని పట్టినవాడే సరంగు. లావ్రిన్ ఇంకా సరంగు కాలేదు. నలభై దాటాయి, గడ్డంలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. అయినా పక్క తెడ్డు దగ్గర నిలబడి ఇంకొకరి కేక వినే మనిషిగానే ఉన్నాడు.

నేను వాళ్ళ పెరట్లో కూర్చుని, నానబెట్టిన విల్లో కొమ్మల్ని మెలిపెడుతున్నాను. దుంగల్ని కలిపి తెప్పగా కట్టేది ఆ మెలికలతోనే. గొలుసు రాయికి తగిలితే తెగుతుంది. మెలిక సాగి ఊరుకుంటుంది. నా పని అది.

లావ్రిన్ భార్య ఒడార్కా మేత జల్లడానికి బయటికొచ్చి మొగుడి ముందు ఆగింది.

"చెక్కవయ్యా, చెక్కు. పాత తెడ్డు మీద చోటు చాలక కోళ్ళు పొడుచుకు చస్తున్నాయి."

"ఇది కోళ్ళకి కాదులే," అన్నాడు లావ్రిన్.

"అవునులే. ఇది పందికేమో."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. లావ్రిన్ మొదటి తెడ్డు వాళ్ళ కోళ్ళ గూట్లో అడ్డకర్రగా ఉంది. అది అక్కడికెలా చేరిందో చెప్పాలంటే ముందు మా గడపల సంగతి చెప్పాలి.

నల్లరాయి ఒడ్డు దగ్గర ఆగిపోదు. భూమి లోపల దట్టమైన దిమ్మలుగా సాగి నది కిందుగా ఆ ఒడ్డుకు వెళ్తుంది. నది మట్టిని తింది, ఇసుకను తింది, మెత్తరాయిని అరిగించింది. నల్లరాయి మాత్రం దానికి లొంగలేదు. రాయికి అటూ ఇటూ నేల దిగిపోయి రాయి అలాగే నిలబడితే, నది దాని మీంచి అడుగేసి దిగాల్సిందే. ఒడ్డు నుంచి ఒడ్డుదాకా అడ్డంగా ఉన్న ఆ రాతి వరసని మేం గడప అంటాం. గడపలో మెట్లుమెట్లుగా ఉండేవి అరుగులు. ఒక్కో గడపకి మూడో నాలుగో అరుగులుంటాయి, పెద్దదానికి ఇంకా ఎక్కువ. రాయి ఒక ఒడ్డున మొదలై నడిమధ్యలో ఆగిపోతే అది కంచె. కంచె పక్కనుంచి తప్పుకోవచ్చు. గడపకి పక్క లేదు. ఇక మూడో రకం గొంతు. అక్కడ రాయి అడ్డంగా ఉండదు, రెండు పక్కలా లంకలు, కొండరాళ్ళు నదిని నొక్కేస్తాయి. అంత నీళ్ళూ ఆ సందులోంచే పోవాలి కాబట్టి రాయి కనపడకపోయినా పరుగు పెరుగుతుంది.

కంచెలు చాలా ఉన్నాయి, విడి రాళ్ళకైతే లెక్క లేదు. గడపలు తొమ్మిది. అయిదోదాని పేరు తాత. ఎగువన మా ఊరు కామ్యంకలో ఉన్నవాళ్ళం, ఆ కిందెక్కడో ఉన్న తాత మూలుగు గాలి వాటంగా ఉంటే వింటూ పెరిగాం. తొమ్మిదోదాని చివర తోడేలు గొంతు ఉంది.

సరంగు కావాలంటే పెద్ద సరంగు చూస్తుండగా తొమ్మిదీ దాటించాలి. ఆయన వెనక నిలబడతాడు, చేతులు నడుం పట్టీలో దోపుకుంటాడు. మాట్లాడడు. ఆ చేతులు బయటికొచ్చి తెడ్డు పట్టాయంటే పరీక్ష పోయినట్టే. తొమ్మిదోది దాటాక ఆయన తన కత్తి ఇస్తాడు. కొత్త సరంగు తెడ్డు రెక్క మీద తన గుర్తు చెక్కుకుంటాడు. గుర్తున్న తెడ్డు సరంగు సొత్తు. కలపంతా కింద అప్పజెప్పాక తెడ్డు ఒక్కటే బండి మీద ఇంటికి వస్తుంది. గుర్తు లేకపోతే అదీ కలపే.

పదేళ్ళ కిందట లావ్రిన్ ఆ పరీక్షకి నిలబడ్డాడు. వెనక ఉన్నది పెద్ద సరంగు తెరెంతి. పక్క తెడ్డు మీద తెరెంతి ఒక్కగానొక్క కొడుకు ఒనిస్కో. తాత ఆఖరి అరుగు దిగుతుంటే అల వచ్చి ఒనిస్కోని ఎత్తి నీళ్ళలో పారేసింది. తాత కింద నరకం అనే సుడి ఉంది. లావ్రిన్ తెడ్డు వదిలేసి, బోర్లా పడుకుని, ఒనిస్కో జుట్టు పట్టుకున్నాడు. కుర్రాడు దక్కాడు. తెప్ప రాతికి కొట్టుకుని చీలింది. తక్కిన వాళ్ళం దుంగలు కావలించుకుని, ఎవరి అదృష్టం కొద్దీ వాళ్ళం ఒడ్డెక్కాం. అప్పజెప్పడానికి కలపే మిగల్లేదు కాబట్టి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఆ గుర్తు లేని తెడ్డు ఇంటికొచ్చి కోళ్ళ గూట్లో అడ్డకర్ర అయింది.

ఒడ్డు మీద తెరెంతి లావ్రిన్ని గట్టిగా కౌగిలించుకుని మూడుసార్లు ముద్దుపెట్టుకున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని చెప్పాడు: "నా కొడుకుని బతికించావు. నా ఇంటి తలుపు నీకెప్పుడూ తీసే ఉంటుంది. తెడ్డు మాత్రం ఇవ్వను."

"ఎందుకు పెద్దయ్యా?"

"వదిలావు. ఒకడి కోసం అందరినీ వదిలావు."

ఆ తర్వాత లావ్రిన్ ఎప్పుడడిగినా అదే జవాబు. ప్రతి ఈస్టరుకీ తెరెంతి ఇంటినుంచి తీపిరొట్టె వచ్చేది. పైన చక్కెర పూత, ఎండుద్రాక్ష, అన్నీ బాగానే ఉండేవి. ఒడార్కా దాన్ని తీసుకుని, దణ్ణం పెట్టి, వచ్చినవాళ్ళు వీధి మలుపు తిరగ్గానే కోళ్ళకి వేసేది. "తెడ్డెక్కిన దొరలకి తీపిరొట్టె," అనేది వాటితో.

తెరెంతి చెప్పింది తప్పని నేననను. తెప్ప మీద నేనూ ఉన్నాను.

ఇక ఈ వసంతం సంగతి. దిగువన పెద్ద ఆనకట్ట లేస్తోంది. అది పూర్తయితే నీళ్ళు ఎగదన్ని తొమ్మిది గడపల్నీ ముంచేస్తాయని అందరికీ తెలుసు. సరంగులు ఒక్కొక్కరే అక్కడికే పోయి, మోకాలి బూట్లు వేసుకుని కాంక్రీటు తొక్కుతున్నారు. ఆ రోజు పెరట్లోకి తెరెంతి వచ్చాడు. బాగా వంగిపోయాడు.

"ఏం పెద్దయ్యా, దారి తప్పారా? ఈస్టరు అయిపోయిందే," అంది ఒడార్కా.

ఆయన ఆమెను పట్టించుకోలేదు. "ఒరేయ్ లావ్రిన్, ఒక తెప్ప ఉంది. ఆనకట్టకి సెంట్రింగు కలప. ఇదే ఆఖరు."

"వేరే సరంగు దొరకలేదా?"

"దొరికితే నీ గుమ్మం తొక్కుతానా? నా కుడికన్ను నీళ్ళ మెరుపుకి ఆగటం లేదు. నువ్వు మారావని రాలేదు. ఎవరూ లేక వచ్చాను."

లావ్రిన్ బాడిసె కింద పెట్టాడు. "పరీక్ష కింద అయితేనే తెస్తాను. మీరు వెనక నిలబడాలి. తొమ్మిదీ దాటితే కత్తి ఇవ్వాలి."

"పద్ధతి ప్రకారమే."

"గడపలన్నీ మునిగిపోతుంటే సరంగువయ్యి ఏం చేస్తావయ్యా? చేపలకి దారి చూపిస్తావా?" అంది ఒడార్కా. ఈసారి ఆమె నవ్వలేదు.

"అయ్యాక చూద్దాం," అన్నాడు లావ్రిన్. మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.

అలా బయల్దేరాం. ముందు తెడ్డు మీద ఒనిస్కో ఉన్నాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. కుడివైపు నేను, ఇంకా మా ఊరివాళ్ళు కొందరు. మొదటి గడపకు ముందు టోపీలు తీసి దేవుణ్ణి తలుచుకోవడం మా అలవాటు. ఆ రోజుల్లో ప్రభుత్వానికి దేవుడంటే పడదు, అది నలుగురిలో చేసే పని కాదు. తెరెంతి టోపీ తీసి తల గోక్కున్నాడు. అందరం తీసి గోక్కున్నాం.

"తెప్పంతా పేలేనా ఏంటి?" అన్నాడు ఒనిస్కో.

"నోర్ముయ్, గోక్కో," అన్నాడు తండ్రి.

మొదటి నాలుగూ లావ్రిన్ తేలిగ్గా దించాడు. చూసేవాళ్ళకి సరంగు బలంతో తెడ్డు తిప్పుతున్నట్టు ఉంటుంది. అది కాదు. తెడ్డు తిప్పాల్సింది గడప దగ్గర కాదు, దానికి చాలా ఎగువన. గడప నోట్లోకి వెళ్ళాక నది నీ మాట వినదు. రెండు రాళ్ళ మధ్యనుంచి నున్నగా, నల్లగా, కొస కిందికి తిరిగిన నాలుకలా నీళ్ళు జారుతుంటే అది దారి. కొస నీవైపు తిరిగి ఉంటే అక్కడ రాయి దాగుంది. అల వచ్చిపోతుంటే అది గాలి పని. ఒకే చోట నిలబడి వెనక్కి విరుగుతుంటే దాని ముందు రాయి ఉంది, వెనక గుంట ఉంది. నీళ్ళు తక్కువైతే రాళ్ళు కనపడతాయి, వరదైతే లోతుగా మునుగుతాయి. నడిమట్టంలో ఉన్నప్పుడే చంపుతాయి. ఆ రోజు నడిమట్టం.

తాత దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. ఆ మోతలో మాట్లాడినా వినపడదు. లావ్రిన్ ఒకసారి చెయ్యెత్తాడు, అందరం తెడ్ల మీద పడ్డాం. తెప్ప మొదటి అరుగు దిగింది, ముక్కు నీళ్ళలో మునిగి లేచింది. రెండోది. మూడోది. దుంగలు మూలిగాయి గాని నా మెలికలు పట్టే ఉన్నాయి. ఆఖరి అరుగు మీద, అదే చోట, అల మళ్ళీ తెప్ప మీదికి ఎక్కింది. ఒనిస్కో ముందు తెడ్డు నుంచి జారి, నడుందాకా నీళ్ళలో పడి, ఒక్క చేత్తో మెలిక పట్టుకుని వేలాడాడు.

నేను వెనక్కి చూశాను. లావ్రిన్ కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. తెడ్డు మీద అతని చేతులు తెల్లబడిపోయాయి. కదల్లేదు.

కదిలింది తెరెంతి. నడుం పట్టీలోంచి రెండు చేతులూ ఊడబెరుక్కుని, తూలుతూ ముందుకి పరిగెత్తాడు, ముసలివాడు. ఆయన సగం దూరం వచ్చేసరికి నేను ఒనిస్కో కాలర్ పట్టుకుని దుంగల మీదికి లాగాను. అప్పటికి తెప్ప నరకం అంచున వంపు తిరిగి, సుడి మమ్మల్ని తాకకుండానే, నున్నటి నీళ్ళలోకి జారిపోయింది. ఎవరు చేసినా అంత బాగా చేయలేరు.

తెరెంతి అక్కడే దుంగల మీద కూర్చుండిపోయాడు. చాలాసేపటికి లేచి, వెనక తన చోటికి వెళ్ళి, చేతులు మళ్ళీ పట్టీలో దోపుకున్నాడు.

నీళ్ళు కాస్త నెమ్మదించాక ఒనిస్కో బట్టలు పిండుకుంటూ వచ్చాడు. వణుకుతున్నాడు, అయినా నవ్వుతూనే అడిగాడు: "ఏం బాబాయ్, ఈసారి నేను పడటం చూడలేదా?"

"చూశాను," అన్నాడు లావ్రిన్.

ఒనిస్కో నవ్వు ఆగిపోయింది. తన చోటికి వెళ్ళిపోయాడు. తెడ్డు మీద చేతులు వేసి నిలబడ్డాడు గాని మళ్ళీ ఆ రోజంతా జోకు వెయ్యలేదు.

ఆరోది మనవడు. తాతని దాటామన్న సంబరంలో ఉన్నవాళ్ళని కొట్టేది అదే. మాలో ఎవరికీ సంబరం లేదు కాబట్టి శుభ్రంగా దాటాం. ఏడోదాని పేరు లేపుడు. తాత తర్వాత కునికేవాళ్ళని తట్టి లేపుతుంది. ఆ రోజు అది మెత్తగా లేపింది. అలలు మొండిగా, బద్ధకంగా ఉన్నాయి. నాకు వింతగానే తోచింది. నడిమట్టం కదా, అందుకే అనుకున్నాను.

అక్కడే తప్పు చేశాం. మేం గడపని ముందు చెవితో పట్టేవాళ్ళం. నది వంపు తిరగకముందే మోత వినపడాలి. ఎనిమిదోదాని మోత వినపడలేదు.

"గాలి దిగువకి తోలుతోంది," అన్నాడు లావ్రిన్. "మోత అటు పోతోంది."

అందరం తలూపాం. మా ఊళ్ళో పుట్టినవాడెవడైనా అదే అనుకుంటాడు. నీళ్ళు అంత ఎగువకి చేరేది ఆకురాలే కాలానికని మాకు చెప్పి ఉన్నారు. మోత లేదంటే గాలి తప్పు గాని, గడప లేదని ఎవరనుకుంటారు?

ఎనిమిదోదానికి బాగా ముందుగానే కుడి ఒడ్డు వైపు కోసుకుంటూ రావాలి. లావ్రిన్ చెయ్యెత్తాడు. "పట్టు! కుడికి! లాగండ్రా!" ఒళ్ళు విరుచుకుని లాగాం. తెప్ప ముక్కు కుడికి తిరిగింది. తిరిగి, అలాగే అడ్డంగా ఆగిపోయింది.

వంపు దాటితే ముందంతా చెరువు. నీళ్ళ మీద అల లేదు, నురుగు లేదు. ఒడ్డున చెట్లు మొదళ్ళు మునిగి నిలబడ్డాయి. ఎవరిదో తోట దడి ఒకటి నీళ్ళలోంచి కొసలు బయటపెట్టింది. లావ్రిన్ తెడ్డు తోశాడు. మళ్ళీ తోశాడు. పరుగు లేని నీళ్ళలో సరంగు తెడ్డుతో చేసే పనేమీ లేదు. తెప్ప నీళ్ళకన్నా వేగంగానో మెల్లగానో పోతేనే అది తిరుగుతుంది. గాలి మమ్మల్ని మెల్లగా ఆ దడి మీదికి తోసింది. మెత్తగా ఆనుకుని ఆగాం.

"ఎనిమిదోది ఎక్కడ?" అన్నాడు ఎవరో.

"మన కిందే," అన్నాడు తెరెంతి.

గడకర్రలతో దడిని తోసుకుని బయటపడ్డాం. తర్వాత పక్క తెడ్లతో బండచాకిరీ. ఏ కామ్యంకవాడూ అంతవరకు తెప్పని తోసి నడపలేదు, నదే నడిపేది. అరచేతులు పొక్కిపోయాయి. తోడేలు గొంతు ఉండాల్సిన చోట రెండు రాళ్ళ నెత్తులు మాత్రం కనపడ్డాయి. వాటిమీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. మేం వాటి మధ్యనుంచి ఉసూరుమంటూ తోసుకుంటూ వెళ్ళాం. కాకులు లేవనైనా లేదు.

అది దాటాక తెరెంతి ముందుకొచ్చాడు. పట్టీలోంచి కత్తి తీసి, పిడి లావ్రిన్ వైపు తిప్పి చాచాడు.

"తీసుకో."

"దేనికి?"

"గుర్తు వేసుకో. తొమ్మిదీ అయ్యాయి."

"ఏడు," అన్నాడు లావ్రిన్.

"ఒరేయ్, రాళ్ళు ఎక్కడికీ పోలేదు. వాటి మీదుగానే వచ్చాం."

"రేపటినుంచి ఆడపిల్లలు కూడా పడవల్లో పాటలు పాడుకుంటూ వాటి మీదుగానే వస్తారు. వాళ్ళందరికీ కత్తి ఇస్తారా?"

తెరెంతి చెయ్యి అలాగే చాచి ఉంది. "ఇవాళ నువ్వు వదల్లేదు. నేనే వదిలాను. చేతులు బయటపెట్టాను. అందరూ చూశారు. తీసుకోరా."

"మీరు తెడ్డు పట్టలేదుగా. అది తప్పు కింద రాదు."

"పదేళ్ళ కిందట నేను ఇవ్వాల్సిందంటావా?"

"అననండి. అప్పుడు మీరు చేసింది సరిగ్గానే ఉంది. అప్పుడు కత్తి ఊరికే ఇస్తే వచ్చేది కాదు కాబట్టే నేను ఇన్నేళ్ళు అడిగాను. ఇప్పుడు ఎవడికైనా వస్తుంది." ముందు తెడ్డు వైపు చూశాడు. "వాణ్ణి వేలాడుతుంటే చూస్తూ నిలబడ్డాను పెద్దయ్యా. ఏడు గడపలకోసం."

తెరెంతి కత్తి మడిచి పట్టీలో పెట్టుకున్నాడు. వెనక్కి వెళ్ళి నిలబడలేదు. దుంగల మీద, మాతో పాటు, పక్క తెడ్డు ఒకటి అందుకుని తోయడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం వరిగ జావ కాచుకున్నాం, పంది కొవ్వు ముక్క వేసి. ఎవరికీ సహించలేదు.

ఆనకట్ట దగ్గర ఒడ్డంతా సున్నం రంగులో ఉంది. ఒక మూల మా ఊరి సరంగులు ఇద్దరు కాంక్రీటు తొక్కుతూ కనపడ్డారు. చెయ్యి ఊపారు, ఆగకుండానే. కలప దించుకునే చోట తలకి గుడ్డ కట్టుకున్న ఒక చిన్నమ్మాయి కొలతకర్రతో, ఎర్రరంగు డబ్బాతో నిలబడి ఉంది. నేను మెలికలు కోశాను. దుంగల్ని ఒక్కొక్కటిగా ఒడ్డుకి దొర్లించాం. ఆమె కొలిచి, కొస మీద ఎర్రచుక్క పెట్టి, తర్వాతదానికి వెళ్తోంది. కోపం లేదు, మర్యాద లేదు. పని చేస్తోంది అంతే.

దుంగలన్నీ అయ్యాక ఆమె చూపు తెప్ప వెనక్కి వెళ్ళింది. "అదేంటి?"

"అది కలప కాదమ్మా," అన్నాడు ఒనిస్కో గబగబా. "అది తెడ్డు. సరంగుది. మాతో ఇంటికి తీసుకెళ్తాం. బాబాయ్, చెప్పు."

"దాని మీద గుర్తేదైనా ఉందా?" అన్నాడు లావ్రిన్.

ఒనిస్కో తండ్రి వైపు చూశాడు. తెరెంతి నేల చూశాడు.

లావ్రిన్ వంగి, తెడ్డుని పట్టి ఉంచిన సీలని తనే ఊడదీశాడు. భుజానికి ఎత్తుకుని ఒడ్డెక్కాడు. దుంగల వరస మీద దాన్ని పెట్టి, దొర్లకుండా కాలితో సర్ది, అరచేత్తో ఒకసారి పొడుగునా నిమిరి చూశాడు.

"దేవదారు," అన్నాడు ఆ అమ్మాయితో. "అతుకు లేదు."

ఆమె కొలిచి, కొస మీద ఎర్రచుక్క పెట్టింది.